డిసెంబర్ 24 రాత్రి ఆంట్‌పూర్‌లో ఏం జరిగింది? వివేకానంద స్వామి జీవితంలో క్రిస్మస్

ఈ వారం వీడియోలో టైమ్ సరిపోక సగంలో ఆపేసిన కథని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్ళు కూడా హాయిగా చదువుకోవచ్చు.

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే మా తార్నాకలో రెండు పండగలు పక్కపక్కనే నడుస్తుంటాయి. తెల్లవారుజామున గుడి మైకులో తిరుప్పావై, కొన్ని వాకిళ్ళలో ధనుర్మాసం ముగ్గులు. సాయంత్రం అయ్యేసరికి అదే వీధిలో ఒక బాల్కనీకి కాగితం నక్షత్రం వేలాడుతూ ఉంటుంది, లోపల బల్బు వెలుగుతూ. మెట్టుగూడ, లాలాగూడ రైల్వే క్వార్టర్ల వైపు వెళ్తే ఈ సందడి ఇంకాస్త ఎక్కువ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల కాలం నుంచీ అక్కడ ఇది ఉన్నదే. ఇక ఓయూ క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజ్ మెట్ల మీద కూర్చునే బ్యాచుల్లో, ఈ రోజుల్లో ఒక చర్చ తప్పకుండా వస్తుంది. హాస్టల్లో పక్క రూమ్ ఫ్రెండ్ క్రిస్మస్‌కి ఇంటికి పిలిచాడు, వెళ్ళొచ్చా? కేకు తింటే తప్పా? స్టేటస్ పెడితే మనవాళ్ళు ఏమనుకుంటారు? ఒకడు ఏముందిరా పద అంటాడు, ఇంకొకడు మన ధర్మం ఏమైపోవాలి అంటాడు. ఇద్దరూ సీరియస్‌గానే అంటారు. ఆ సీరియస్‌నెస్‌ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే స్నేహమూ నిజమే, భయమూ నిజమే.

క్రిస్మస్‌ని ప్రపంచంలో ఎవరెవరు ఎలా చేసుకుంటారో వెతికితే చాలా విచిత్రాలు దొరుకుతాయి. జపాన్‌లో క్రైస్తవులు చాలా తక్కువ, అయినా క్రిస్మస్ అంటే కేఎఫ్‌సీ చికెన్ బకెట్ కోసం ముందే ఆర్డర్ పెట్టుకోవడం. 1974లో కంపెనీ వాళ్ళు చేసిన ప్రచారం ఏకంగా ఆచారం అయిపోయింది. వెనెజువెలా రాజధాని కరాకస్‌లో డిసెంబర్ 16 నుంచి 24 దాకా తెల్లవారుజామునే చర్చిలో ప్రార్థనలు ఉంటాయి, కుర్రకారు రోలర్ స్కేట్లు వేసుకుని వెళ్ళేవాళ్ళు. డిసెంబర్ 16 అంటే మనకి ధనుర్మాసం మొదలయ్యే రోజు, వాళ్ళూ అదే చలిలో అదే టైమ్‌కి లేస్తారన్నమాట! ఐస్‌లాండ్‌లో అయితే ఒక్క క్రిస్మస్ తాత చాలడు, పదమూడు మంది అల్లరి తుంటరులు ఉంటారు, రోజుకొకడు కొండ దిగి వస్తాడు.

కానీ వీటన్నిటికంటే నాకు వింతగా అనిపించింది మన దేశంలోనే, మన హిందూ సన్యాసుల మఠాల్లోనే ఉంది. ప్రతి డిసెంబర్ 24 సాయంత్రం రామకృష్ణ మఠాల్లో సంధ్యా హారతి అయ్యాక మేరీమాత ఒడిలో బాల యేసు ఉన్న పటం పెట్టి, పూలు, కొవ్వొత్తులు, పండ్లు, కేకు నైవేద్యంగా సమర్పిస్తారు. కాషాయం కట్టుకున్న స్వాములు యేసు పుట్టుక కథ చదువుతారు, పాటలు పాడతారు, తర్వాత కేకు ప్రసాదంగా పంచుతారు. బేలూరు మఠంలోనూ ఇంతే. మన దోమలగూడ మఠం కూడా ఆ సంఘంలోదే. ఎక్కడో నడుస్తున్న ఒక చిన్న ఆశ్రమం మోజుపడి పెట్టుకున్న కార్యక్రమం కాదు ఇది. దీని వెనక ఒక రాత్రి ఉంది, ఆ రాత్రి మధ్యలో ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఒకడు ఉన్నాడు.

ఆ కుర్రాడి పేరు నరేంద్రనాథ్ దత్తా. పుట్టింది 1863 జనవరి 12న, కలకత్తాలో, మకర సంక్రాంతి రోజు. తండ్రి విశ్వనాథ దత్తా పేరున్న లాయరు, బైబిలూ చదివేవాడు, హాఫిజ్ కవితలూ చదివేవాడు. తల్లి భువనేశ్వరీ దేవి మగపిల్లాడి కోసం కాశీ వీరేశ్వరుడికి మొక్కుకున్న ఇల్లాలు, రామాయణ భారతాలు నోటికి వచ్చినావిడ. ఇంట్లో ఆ రెండు గాలులూ వీచాయి.

చదువు కోసం నరేంద్రుడు చేరింది జనరల్ అసెంబ్లీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో, ఇప్పుడు స్కాటిష్ చర్చి కాలేజ్ అంటారు. అక్కడి ప్రిన్సిపాల్ విలియం హేస్టీ స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ. ఒకరోజు క్లాసులో వర్డ్స్‌వర్త్ కవిత చెప్తూ, ప్రకృతిని చూస్తూ మనిషి పరవశంలోకి జారిపోయే స్థితి గురించి వివరించాల్సి వచ్చింది. అలాంటి స్థితిని కళ్ళతో చూడాలంటే దక్షిణేశ్వరం వెళ్ళి రామకృష్ణ పరమహంసని చూడమని స్టూడెంట్లకి చెప్పాడు. ఇదే హేస్టీ 1882లో పేపర్లో మన విగ్రహారాధన మీద ఘాటుగా లేఖలు రాస్తే, బంకిం చంద్రుడు మారుపేరుతో అంతకంటే ఘాటుగా జవాబిచ్చాడు. అంటే మన పద్ధతుల్ని తిట్టిన మనిషే మన పరమహంస అడ్రస్ చెప్పాడు! చరిత్ర ఇలాంటి తమాషాలు చేస్తూనే ఉంటుంది, మనం నలుపు తెలుపు గళ్ళల్లో సర్దలేం.

1881 నవంబర్‌లో నరేంద్రుడు పరమహంసని మొదటిసారి కలిశాడు. ఆ సంబంధం గురించి వేరే వీడియోలు చేశాం కాబట్టి ఇక్కడ ఒక్క సంగతే చెప్తాను. రామకృష్ణులు 1874 ప్రాంతంలో క్రైస్తవ మార్గాన్ని కూడా సాధన చేసి చూశారు. శంభు చరణ్ మల్లిక్ అనే భక్తుడు ఆయనకి బైబిలు చదివి వినిపించేవాడు. దగ్గర్లో ఉన్న యదు మల్లిక్ తోట బంగళాలో గోడకి ఒక పటం ఉండేది, తల్లి ఒడిలో బాల యేసు. దాన్ని చూస్తూ చూస్తూ ఆయన మనసు పూర్తిగా అందులో కలిసిపోయింది. మూడు రోజులు కాళీమాత గుడి వైపు వెళ్ళాలన్న ధ్యాసే రాలేదు. తర్వాత పంచవటి దగ్గర యేసు దర్శనం అయిందని ఆయన శిష్యులు రాసుకున్నారు. ఆయన గదిలో దేవుళ్ళ పటాల మధ్య నీళ్ళలో మునిగిపోతున్న పీటర్‌ని యేసు చెయ్యిపట్టి పైకి లాగుతున్న పటం కూడా ఉండేది. మతం మారలేదు, కాళీమాతనీ వదల్లేదు. కొత్త దారిలో నడిచి చూసి, ఇదీ అక్కడికే వెళ్తుందని తేల్చుకున్నారు. ఇది పుస్తకం చదివి చెప్పిన మాట కాదు, చేసి చూసి చెప్పింది. మా ఫీల్డులో టెస్ట్ చేయకుండా ఏదీ రిలీజ్ చేయకూడదంటారు కదా, నాకు పరమహంస నచ్చేది అక్కడే.

1886 ఆగస్టు 16న కాశీపూర్ తోట ఇంట్లో రామకృష్ణులు శరీరం వదిలేశారు. ఆ తర్వాత ఆ కుర్రాళ్ళ పరిస్థితి ఊహించండి. గురువు లేరు. డబ్బు లేదు. నరేంద్రుడి తండ్రి రెండేళ్ళ కిందటే పోయాడు, ఇంటి మీద అప్పులు, ఆస్తి కోసం బంధువుల కోర్టు కేసు. తల్లి, తమ్ముళ్ళు తన మీదే ఆధారపడి ఉన్నారు. మిగతావాళ్ళలో కొందరిని ఇంట్లోవాళ్ళు మళ్ళీ చదువులకి లాక్కెళ్ళారు. సురేంద్రనాథ్ మిత్ర అనే గృహస్థ భక్తుడు అద్దె కడతానని ముందుకొస్తే వరాహనగర్‌లో ఒక పాత ఇల్లు తీసుకున్నారు. దయ్యాలున్నాయని ఎవరూ చేరని ఇల్లు, అందుకే అంత చవక. కొందరు అందులో ఉంటున్నారు, కొందరు వచ్చిపోతున్నారు. ఇది మఠమా, కొన్ని నెలల్లో చెదిరిపోయే ఫ్రెండ్స్ గ్రూపా అన్నది ఆ డిసెంబర్‌కి ఎవరికీ తెలీదు.

అప్పుడు బాబూరామ్ వాళ్ళ అమ్మ మాతంగినీ దేవి వీళ్ళందరినీ హుగ్లీ జిల్లాలోని తమ ఊరు ఆంట్‌పూర్‌కి రమ్మని పిలిచింది. నరేంద్రుడు, బాబూరామ్, శరత్, శశి, తారక్, కాళీ, నిరంజన్, గంగాధర్, శారద, మొత్తం తొమ్మిది మంది. తంబూరా, తబలా పట్టుకుని, రైల్లో పాటలు పాడుకుంటూ హరిపాల్ దాకా వెళ్ళారు. అక్కడి నుంచి ఊరికి. ఆ అమ్మ కడుపునిండా పెట్టింది. చాలా రోజుల తర్వాత అప్పుల గొడవ, కోర్టు గొడవ లేని గాలి. పగలంతా భజనలు, మాటలు, ధ్యానం.

ఒక రాత్రి ఇంటి ఆవరణలో, ఆకాశం కింద, పెద్ద కర్రలు పేర్చి ధుని వెలిగించారు. సాధువులు చుట్టూ కూర్చునే ఆ మంట. చలికాలం, చుక్కలు, ఊరు నిద్రపోయింది. చాలాసేపు ధ్యానం చేశారు. ధ్యానం అయ్యాక నరేంద్రుడు మాట్లాడటం మొదలుపెట్టాడు. చెప్పింది శంకరాచార్యుల కథో బుద్ధుడి కథో కాదు, యేసు కథ. పశువుల పాకలో పుట్టడం దగ్గర నుంచి, తల దాచుకోవడానికి చోటు కూడా లేకుండా తిరిగిన జీవితం, శిలువ మీద చావు, ఆ తర్వాత గురువు లేని ఆ శిష్యులు ఊరూరా తిరిగి ఆ మాటని బతికించడం దాకా. వింటున్నవాళ్ళకి అది ఎక్కడో పాలస్తీనాలో జరిగిన కథలా అనిపించి ఉండదు. గురువు పోయి నాలుగు నెలలు, చేతిలో ఏమీ లేని కొద్దిమంది కుర్రాళ్ళు, అచ్చంగా తమ కథే. వాళ్ళు లేచి నిలబడి, ఆ అగ్ని సాక్షిగా, ఇల్లూ వాకిలీ వదిలేసి సన్యాసులుగా బతుకుతామని ఒకరి ముందు ఒకరు మాట ఇచ్చుకున్నారు.

తర్వాత ఎవరో తేదీ గుర్తుచేశారు. ఆ రాత్రి డిసెంబర్ 24, క్రిస్మస్ ముందురోజు. ఎవరూ ప్లాన్ చేయలేదు. అప్పటిదాకా ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

కొన్ని వారాలకే, 1887 జనవరిలో, వరాహనగర్‌లో విరజా హోమం చేసి శాస్త్రప్రకారం సన్యాసం తీసుకున్నారు. అంటే వైదిక విధి ఎక్కడా తగ్గలేదు. కానీ ఆ సంఘం మనసులో పుట్టిన రాత్రి మాత్రం ఆంట్‌పూర్ రాత్రే. అందుకే వాళ్ళు క్రిస్మస్ ముందురోజుని వదల్లేదు. ఆ రాత్రి ఎవరినో మెప్పించడానికి పెట్టుకున్న వేడుక కాదు, సొంత పుట్టినరోజు లాంటిది. ఆంట్‌పూర్‌లో ఆ ధుని ఉన్న చోట ఇప్పటికీ ఏటా ఆ రాత్రిని జరుపుతారు.

ఆ తర్వాత నరేంద్రుడు దేశమంతా తిరిగాడు. చేతిలో సామాను దాదాపు ఏమీ లేదు, రెండు పుస్తకాలు తప్ప. ఒకటి భగవద్గీత, ఇంకొకటి క్రీస్తుని అనుసరించడం గురించి మధ్యయుగంలో ఒక క్రైస్తవ సన్యాసి రాసిన చిన్న పుస్తకం. 1889లో దాంట్లోంచి కొన్ని అధ్యాయాలు బెంగాలీలోకి అనువదించి ముందుమాట కూడా రాశాడు. మన దేశంలో కనిపిస్తున్న దొరల క్రైస్తవానికీ, ఈ పుస్తకంలో ఉన్న త్యాగానికీ పోలికే లేదన్నది ఆ ముందుమాట సారం. ఆ పుస్తకంలోని దాస్యభక్తి ఆయనకి గీతలోని శరణాగతిని గుర్తు చేసింది.

1892 డిసెంబర్. దేశం చివరికొచ్చేశాడు, కన్యాకుమారి. అమ్మవారి దర్శనం చేసుకుని, పడవకి ఇవ్వడానికి డబ్బుల్లేక ఈదుకుంటూ వెళ్ళి సముద్రం మధ్యలో ఉన్న బండ మీద కూర్చున్నాడు. డిసెంబర్ 25, 26, 27 మూడు రోజులు అక్కడే ధ్యానం అని సంప్రదాయంగా చెప్తారు. ఆయన ఆలోచించింది మోక్షం గురించి కాదు, ఆకలి గురించి. దారిపొడవునా చూసిన బీదతనం గురించి. నిస్వార్థంగా పనిచేసే సన్యాసులు ఊరూరా తిరిగి చదువు చెప్తే ఈ జనం లేస్తారు కదా అన్న ఆలోచన ఆ బండ మీదే వచ్చిందని తర్వాత అమెరికా నుంచి రాసిన ఉత్తరంలో చెప్పాడు. ఆరేళ్ళ కిందట అదే రోజుల్లో ఆంట్‌పూర్‌లో ఇచ్చిన మాట ఇక్కడికొచ్చి పని రూపం తీసుకుంది.

అక్కడి నుంచి మద్రాసు, మద్రాసు నుంచి మన ఊరు. ఈ భాగం చెప్పేటప్పుడు నాకు కాస్త ఎక్కువ ఉత్సాహం వస్తుంది, క్షమించాలి. 1893 ఫిబ్రవరి 10న ఆయన హైదరాబాద్‌లో రైలు దిగేసరికి స్టేషన్‌లో అయిదొందల మంది దాకా ఎదురుచూస్తున్నారు. బస ఇచ్చింది మధుసూదన్ ఛటర్జీ, నిజాం ప్రభుత్వంలో సూపరింటెండింగ్ ఇంజనీరు. (ఇంజనీర్లం ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చాం!) మర్నాడు సికింద్రాబాద్ నుంచి వందమంది దాకా వచ్చి మెహబూబ్ కాలేజ్‌లో మాట్లాడమని అడిగారు. గోల్కొండ చూశాడు. నిజాం బంధువు నవాబ్ ఖుర్షీద్ జా బహదూర్‌ని ఆయన ప్యాలెస్‌లో కలిశాడు. ఇద్దరూ రెండు గంటలకి పైగా హిందూ, ఇస్లాం, క్రైస్తవ మతాల గురించి మాట్లాడుకున్నారు. పడమటి దేశాలకి వెళ్ళాలన్న ఆలోచన విని నవాబు అక్కడికక్కడే వెయ్యి రూపాయలు ఇస్తానన్నాడు. 1893లో వెయ్యి రూపాయలు! స్వామీజీ తీసుకోలేదు, సమయం వచ్చినప్పుడు అడుగుతానన్నాడు.

ఫిబ్రవరి 13న మెహబూబ్ కాలేజ్ హాల్లో ప్రసంగం. విషయం, తాను పడమటి దేశాలకి ఎందుకు వెళ్ళాలనుకుంటున్నాడో. పండిట్ రతన్ లాల్ అధ్యక్షుడు, వెయ్యి మందికి పైగా జనం, అందులో యూరోపియన్లు కూడా చాలామంది. చికాగోకి ఏడు నెలల ముందు! 17న మళ్ళీ మద్రాసు రైలెక్కాడు. అప్పటికి ఉస్మానియా యూనివర్సిటీ లేదు, అది 1918లో వచ్చింది. ఇప్పుడు తార్నాకలో మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాత సికింద్రాబాద్ ఈస్ట్, అక్కడ దిగి ఆటో పట్టుకుంటే మెహబూబ్ కాలేజ్. క్యాంపస్‌లో నాలుగైదేళ్ళు చదివి కూడా అటు తొంగిచూడనివాళ్ళే ఎక్కువ. ఈసారి బిర్యానీకి సికింద్రాబాద్ వెళ్ళినప్పుడు ఒక పది నిమిషాలు అటు కేటాయించండి.

1893 సెప్టెంబర్ 11న చికాగోలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. తెలియాల్సింది ఆ తర్వాత సంగతి. సెప్టెంబర్ 20న అదే వేదిక మీద ఆయన క్రైస్తవ ప్రచారకుల్ని నిలదీశాడు. ఆకలితో చచ్చిపోతున్న జనానికి తిండి పెట్టకుండా చర్చీలు కడుతున్నారని, భారతదేశానికి కొరత మతం కాదు, తిండి అని మొహమాటం లేకుండా చెప్పాడు. చివరి రోజు, 27న, క్రైస్తవుడు హిందువు కానక్కర్లేదు, హిందువు క్రైస్తవుడు కానక్కర్లేదు, ఎవరి వేరు మీద వాళ్ళు నిలబడి పక్కవాళ్ళ సారాన్ని గ్రహించాలన్న అర్థంలో మాట్లాడాడు. దాంతో మిషనరీలు ఊరుకోలేదు. 1894లో డెట్రాయిట్‌లో ఆయన మీద రాని వార్త లేదు, నడవడిక మీద కూడా బురద చల్లారు. ఆయనా తగ్గలేదు, గట్టిగానే తిప్పికొట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. స్వామీజీ క్రిస్మస్ ప్రేమని చెప్పేవాళ్ళు ఈ కోపాన్ని దాచేస్తారు. కోపాన్ని చెప్పేవాళ్ళు ఆంట్‌పూర్ రాత్రిని దాచేస్తారు. వాట్సాప్ ఫార్వర్డుల్లో ఎప్పుడూ సగం వివేకానందుడే దొరుకుతాడు. నా లెక్కలో రెండు సగాలూ ఒకే మనిషివి. యేసుని అంతగా ప్రేమించాడు కాబట్టే యేసు పేరు మీద జరుగుతున్న వ్యాపారం ఆయనకి అంత మండింది.

అదే 1894 డిసెంబర్‌లో ఒక చిన్న సంఘటన జరిగింది, నాకు చికాగో కంటే ఇదే ఎక్కువ ఇష్టం. బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో శ్రీమతి ఓలే బుల్ ఇంట్లో ఆయన భారత స్త్రీల గురించి, ముఖ్యంగా తల్లుల గురించి ప్రసంగించాడు. తనలో ఏదైనా మంచి ఉంటే అది తల్లి పెట్టిన భిక్షే అన్నాడు. విన్న ఆడవాళ్ళు ఎంత కదిలిపోయారంటే, ఆయనకి చెప్పకుండా కలకత్తాలో ఉన్న భువనేశ్వరీ దేవికి క్రిస్మస్ ఉత్తరం రాశారు. మేరీ కొడుకు ప్రపంచానికి దొరికిన ఈ పండగ రోజున, మీ కొడుకుని మా మధ్య ఉంచుకున్నందుకు మీకు దండం పెడుతున్నామన్న భావంతో. ఉత్తరంతో పాటు మేరీమాత ఒడిలో బాల యేసు ఉన్న పటం ఒకటి పంపారు. కాశీ వీరేశ్వరుడికి మొక్కి కొడుకుని కన్న తల్లి ఇంటికి సముద్రాలు దాటి అలాంటి పటం వచ్చింది. అప్పటికి ఆవిడ కొడుకుని చూసి ఏళ్ళు గడిచాయి.

1896లో స్విట్జర్లాండ్ కొండల్లో తిరుగుతుంటే దారిలో ఒక చిన్న చర్చి కనిపించింది. స్వామీజీ పూలు కోసి, వాటిని మేరీమాత పాదాల దగ్గర పెట్టమని వెంట ఉన్న శ్రీమతి సేవియర్‌కి ఇచ్చాడు. ఆవిడా అమ్మే కదా అన్నాడు. తానే పెట్టొచ్చు, కానీ అక్కడివాళ్ళు అభ్యంతరపెడతారేమోనని ఆగాడు. ఈ జాగ్రత్త చూశారా? తన భక్తి ఎదుటివాళ్ళకి ఇబ్బంది కాకూడదన్నది కూడా ఆయన లెక్కలో ఉంది.

అదే ఏడాది డిసెంబర్‌లో ఇండియాకి తిరుగు ప్రయాణం. సేవియర్ దంపతులతో లండన్ నుంచి బయల్దేరి మిలాన్‌లో డావించీ వేసిన చివరి విందు చిత్రం చూసి, ఫ్లారెన్స్ మీదుగా రోమ్ చేరాడు. సరిగ్గా క్రిస్మస్ రోజులు. పండగ రోజు సెయింట్ పీటర్స్ చర్చిలో మహా ఆడంబరంగా పూజ జరుగుతోంది. బంగారం, పట్టు బట్టలు, సంగీతం. కాసేపు చూసి ఆయన పక్కవాళ్ళతో మెల్లగా అన్నాడు, తల వాల్చుకోవడానికి చోటు లేని ఆ పేదవాడి పండగకి ఇంత ఆర్భాటమా అని. నిజం చెప్పాలంటే ఈ ప్రశ్న మన గుళ్ళ వీఐపీ క్యూల దగ్గర నిలబడి కూడా అడుక్కోవచ్చు.

అదే రోమ్‌లో ఆరాచేలీ అని కొండ మీద ఇంకో చర్చి ఉంది. అక్కడి బాల యేసు చెక్క బొమ్మ చాలా ప్రసిద్ధం, బంబీనో అంటారు, అంటే చంటిబిడ్డ. జెరూసలేం దగ్గర గెత్సేమనే తోటలోని ఆలివ్ చెట్టు చెక్కతో చేశారని నమ్మకం. రోగుల దగ్గరికి ఆ బొమ్మని మోసుకెళ్ళేవాళ్ళు, లోకం నలుమూలల నుంచీ పిల్లలు దానికి ఉత్తరాలు రాస్తారు. (పాత బొమ్మని 1994లో ఎవరో దొంగిలించారు, ఇప్పుడున్నది నకలు.) క్రిస్మస్‌కి ఆ చర్చి చుట్టూ మిఠాయిలు, బొమ్మలు, చవక పటాలు అమ్మే కొట్లు వెలుస్తాయి. స్వామీజీకి అవి చూడగానే మన తిరునాళ్ళు గుర్తొచ్చాయి. సెయింట్ పీటర్స్‌లో కలగని ఆనందం ఇక్కడ కలిగింది. బాలకృష్ణుడికి ఉయ్యాల కట్టే ఇళ్ళలో పెరిగిన మనకి ఆ చంటిబిడ్డ కొత్తవాడేం కాదు.

డిసెంబర్ 30న నేపుల్స్‌లో ఓడ ఎక్కారు. దారిలో ఒక రాత్రి ఆయనకి విచిత్రమైన కల వచ్చింది. గడ్డం ఉన్న ముసలాయన ఒకాయన కనిపించి, ఇది క్రీట్ ద్వీపం, క్రైస్తవం మొదలైన నేల ఇదే, ఇక్కడ ఉన్న తెరప్యూటే అనే సాధువుల బోధలే తర్వాత యేసు పేరు మీద ప్రచారం అయ్యాయి, తవ్వితే ఆధారాలు దొరుకుతాయి అని చెప్పాడు. మెలకువ వచ్చి డెక్ మీదకి వెళ్ళి ఓడ ఆఫీసర్‌ని టైమ్ అడిగితే అర్ధరాత్రి. ఎక్కడున్నామని అడిగితే క్రీట్‌కి యాభై మైళ్ళ దూరం. ఆ కల తర్వాత యేసు చరిత్రలో నిజంగా ఉన్నాడా అన్న సందేహం ఆయనకి వచ్చింది, ఆ సందేహాన్ని దాచుకోలేదు కూడా. కానీ భక్తి మాత్రం వెంట్రుకంత తగ్గలేదు. ఒక శిష్యురాలు మేరీమాత పటాన్ని తెచ్చి ఆశీర్వదించమంటే, ఆయన వంగి ఆ పటంలోని బిడ్డ పాదాలు తాకాడు. యేసు కాలంలో తాను ఉండి ఉంటే ఆ పాదాల్ని కన్నీళ్ళతో కాదు, గుండె రక్తంతో కడిగేవాడినని ఇంకోసారి చెప్పుకున్నాడు. చరిత్ర రుజువు మీద ఆయన భక్తి నిలబడి లేదు. రాముడి విషయంలో రుజువుల కోసం రాత్రంతా ఆన్‌లైన్‌లో కొట్టుకునే మనం ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

1897 మే 1న రామకృష్ణ మిషన్, 1898లో బేలూరు మఠం. రెండోసారి అమెరికా వెళ్ళినప్పుడు 1900 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో యేసు మీద పూర్తి ప్రసంగం ఒకటి చేశాడు. తూర్పు దేశాల మనిషిగా, త్యాగిగా, సన్యాసిగా యేసుని చూపించాడు. వింటున్న పాశ్చాత్యులకి, యేసు మీవాడు అనుకుంటున్నారు కానీ పుట్టింది ఆసియాలో అని గుర్తు చేశాడు. అప్పటికే ఆరోగ్యం పాడైపోయింది. 1902 జూలై 4న బేలూరు మఠంలో శరీరం వదిలాడు. ముప్పై తొమ్మిదేళ్ళు.

ఆయన పోయిన కొన్ని నెలలకి వచ్చిన క్రిస్మస్. సోదరి నివేదిత, స్వామి సదానంద మరికొందరితో కలిసి దక్షిణాదికి వస్తూ దారిలో భువనేశ్వర్ దగ్గర ఖండగిరి కొండల్లో ఆగారు. పాత గుహలు, చుట్టూ అడవి. ఆంట్‌పూర్ రాత్రి నుంచీ తమ సంఘానికి ఉన్న అలవాటు ప్రకారం క్రిస్మస్ ముందురోజు జరుపుకోవాలి, కానీ చర్చి లేదు, పటం లేదు, కేకు లేదు. పెద్ద దుంగ ఒకటి తెచ్చి మంట వేశారు. యేసు పుట్టిన రాత్రి గొర్రెల కాపరులే ముందుగా చూడటానికి వచ్చారని కథ కదా, అందుకని ఆ సన్యాసులు కంబళ్ళు కప్పుకుని, చేతుల్లో వంపు కర్రలు పట్టుకుని కాపరుల్లా మంట చుట్టూ కూర్చున్నారు. నివేదిత లూకా సువార్తలోంచి ఆ ఘట్టం చదివి వినిపించింది. చదువుతున్నావిడకి చిన్నప్పటి నుంచీ తెలిసిన కథే, వింటున్నవాళ్ళు ఈ నేల మీద పుట్టిన సన్యాసులు. పుట్టుక దగ్గర ఆపకుండా శిలువ దాకా, ఆ తర్వాత శిష్యులకి ఆయన మళ్ళీ కనిపించడం దాకా చదువుతూనే ఉన్నారు. గురువుని పోగొట్టుకుని ఆరు నెలలైనా కాని ఆ మనుషులకి, అప్పటిదాకా నమ్మశక్యంగా లేని ఆ చివరి అధ్యాయం ఆ రాత్రి మొదటిసారి అర్థమైందని నివేదిత తర్వాత తన పుస్తకంలో రాసింది.

మంట ఆరాక అక్కడి నుంచి మద్రాసు వైపు బయల్దేరారు. అక్కడ మఠం నడుపుతున్నది శశి, అంటే స్వామి రామకృష్ణానంద, ఆంట్‌పూర్ తొమ్మిది మందిలో ఒకడు.